ఒడీల్ ఉడకబెట్టిన ఏడు నిమిషాలు

మా ఒడీలక్క ఒక కార్టూన్ సినిమాను కుండలో వేసి గంబో పులుసు వండి, టీవీ స్టేషను మేనేజరుకు రెండు గిన్నెలు తినిపించింది. మూడో గిన్నె ఆయనే అడిగి వడ్డించుకున్నాడు.

ఇందులో కొంచెం సర్దుబాటు ఉంది. సినిమాను కుండలో వేసి ఉడకబెట్టిన మాట నిజం. మేనేజరు తిన్న మాటా నిజం. కాకపోతే ఆయన తిన్నది సినిమాను కాదు, తర్వాత అదే కుండలో వండినదాన్ని. అది గంబో కూడా కాదు. ఆ రోజు సోమవారం. న్యూ ఆర్లీన్స్‌లో సోమవారం నాడు ఎర్ర చిక్కుడు గింజలూ అన్నమూ కాక ఇంకేదైనా వండారంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. మధ్యలో కుండ తోమారా అంటే, తోమారనే నా నమ్మకం. నన్ను చదివించిన మఠకన్యలు అబద్ధం పాపమని బెత్తంతో నేర్పారు. కథ పాపమని మాత్రం ఎక్కడా అనలేదు. నేను ఆ సందులోంచే డెబ్బై ఏళ్లుగా తిరుగుతున్నాను.

ఒడీల్ గియోమ్ మా పెద్దమ్మ కూతురు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఏడో వార్డులో మా ఇళ్లు రెండూ గోడకు గోడ. వాళ్ల నాన్న సున్నపు పూత మేస్త్రి. ధనవంతుల ఇళ్ల పైకప్పులకు సున్నంతో గులాబీలు పూయించేవాడు. ఆ చేతులే కూతురికి వచ్చాయి. పదహారో ఏట చేతి తొడుగులు కుట్టే దుకాణంలో చేరింది. సన్నపొర తోలును కుట్టు కనబడకుండా అతికేది. ఆ దుకాణం మూతపడ్డాక టీవీ స్టేషనులో ఊడ్చే పనికి వెళ్లింది. తర్వాత నన్నూ అక్కడే వేయించింది. నా పని ఎయిర్‌పోర్టుకు వెళ్లి ఫిల్ము డబ్బాలు తేవడం, బెంచీలు మోయడం, పిలిచినప్పుడు కనబడటం.

ఒకనాడు ప్రసారం మధ్యలో ఫిల్ము మూడుసార్లు తెగింది. ఊడుస్తున్న ఒడీలక్క చీపురు గోడకు ఆనించి, తెగిన చోటును వెలుగులో పెట్టి చూసి, ఇది అతుకు కాదండీ, కక్కుర్తి, అంది. ఆ వారం నుంచి ఆవిడే ఫిల్ములు సరిచూసే మనిషి. కాఫీ కాచే మూలకూ చీపుర్ల గదికీ మధ్య ఒక ఇరుకు గది ఇచ్చారు. బల్ల మీద రెండు చక్రాలు. ఎడమ చక్రం మీది రీలు కుడి చక్రం మీదికి చుట్టుకుంటుంటే, తెల్ల నూలు తొడుగు వేసుకున్న రెండు వేళ్ల మధ్య నుంచి ఫిల్ము పోతుండేది. అంచున తెగిన రంధ్రం, వదులైన అతుకు ఆ వేళ్లకే తెలిసిపోయేవి. బొమ్మ వైపు చూసేది కాదు. తొమ్మిదేళ్లు ఆవిడ సినిమాలన్నీ వేళ్లతోనే చూసింది.

ఇక శనివారం పదకొండు గంటల పిల్లల కార్యక్రమం. దాన్ని నడిపేవాడు ఫెర్రీ మామ. పడవ నడిపేవాడి టోపీ, అతికించిన మీసం. ఇరవై నాలుగు మంది పిల్లలు బెంచీల మీద కూర్చుని కార్టూన్లు చూస్తారు; కెమెరా మధ్యమధ్యలో వాళ్ల మొహాలు చూపిస్తుంది. పదేళ్లుగా ఆ మొహాలన్నీ తెల్లవే. నల్లపిల్లలు రావద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. ఉత్తరం రాస్తే జవాబు వచ్చేది కాదు, అంతే. మా సెయింట్ ఒంబెలీన్ బడి పెద్ద సిస్టర్ యూఫ్రేసీ, మా రంగు మనిషే, నెలకొకటి చొప్పున మూడేళ్లు రాసింది. ముప్పై ఆరు ఉత్తరాలు గాలిలో కలిసిపోయాయి. ముప్పై ఏడోదానికి జవాబు వచ్చింది. బెట్సీ తుఫాను మా ఊరిని ముంచిన మరుసటి వసంతం, ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో ఒక శనివారం, మూడో తరగతి పిల్లలు రావచ్చని.

ఆ తరగతిలో ఒడీలక్క జ్ఞానస్నానపు కూతురు సిల్వనీ ఉంది. ఎనిమిదేళ్లది, పొట్టి, కాబట్టి ముందు బెంచీ. ఆ పిల్ల అద్దం ముందు నిలబడి ఎలా నవ్వాలో నేర్చుకుంటోంది. పళ్లు కనబడేలా నవ్వాలా, కనబడకుండానా అని వీధి వీధంతా తిరిగి సలహా అడిగింది. నేను కనబడకుండా అన్నాను. ముందు పళ్లు రెండూ అప్పటికి లేవు.

మంగళవారం ఆ వారం డబ్బాలు తెచ్చి అక్క బల్ల మీద పెట్టాను. శనివారానికి నిర్ణయమైనదాని మీద 'పుచ్చకాయ పెళ్లి' అని రాసుంది. అక్క చక్రం తిప్పుతూ ఆగిపోయింది. అలా ఆగడం నేను అంతకుముందు చూడలేదు. మొదటిసారి ఫిల్మును దీపానికెత్తి చూసింది.

"ఒరే క్లోవిస్, ఇది నేను చూశాను."

ఎక్కడ అంటే, బాల్కనీలో అంది. మా చిన్నప్పుడు సినిమా హాల్లో మా వాళ్లకు బయటి మెట్లెక్కి పైకి వెళ్లే బాల్కనీ ఒకటే. సిల్వనీ అంత వయసులో అక్క అక్కడ కూర్చుని ఈ బొమ్మ చూసిందట. తారులాంటి మొహాలు, టైరంత పెదాలు, పుచ్చకాయలు దొంగిలించి పడి దొర్లేవాళ్లు. తలగుడ్డ కట్టుకున్న లావుపాటి వంటమనిషి, కోడిపుంజును చూసి మూర్ఛపోతుంది. కింద తెల్లవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. పైన అక్క కూడా నవ్వింది, అందరికంటే గట్టిగా. నవ్వుతూ పక్కకు చూస్తే వాళ్లమ్మ. అదే తలగుడ్డ, అదే ముడి. వాళ్లమ్మ నవ్వడం లేదు.

"ఆ నవ్వు ఇంకా ఇక్కడే ఉందిరా," అని గొంతు చూపించింది. "చేపముల్లులా."

శనివారం సిల్వనీ ముందు బెంచీలో కూర్చుని ఇది చూస్తుంది. చూసే మొహాన్ని ఊరంతా చూస్తుంది. నవ్వితే ఒక బాధ, నవ్వకపోతే ఇంకో బాధ.

అక్క తొడుగులు తీసి జేబులో పెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది. ఆయన పేరు మిస్టర్ ఓటార్. చెడ్డవాడు కాదు. మంచివాడని కూడా ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. పత్రికలో పేరు పడిపోయిందనీ, ఒక బొమ్మ బదులు ఇంకో బొమ్మ వేయడానికి పంపినవాళ్లతో ఒప్పందం ఒప్పుకోదనీ, ఇంత పాత బొమ్మలో ఏముందనీ, పిల్లలు నవ్వుకుంటారనీ అన్నాడు.

"ఏ పిల్లలండీ?" అంది అక్క.

ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. చివరికి, అభ్యంతరమైన ముక్కలేమైనా ఉంటే కత్తిరించమన్నాడు. నిడివి మాత్రం తగ్గకూడదు. రెండు వందల యాభై రెండు అడుగులు వచ్చింది, రెండు వందల యాభై రెండు అడుగులూ ఆడాలి. తెర మీద ఒక్క క్షణం ఖాళీ కనబడిందా, సోమవారం ఆవిడ పనిలోకి రానక్కర్లేదు. రెండు ముక్కలు తీసి, మంచి ముక్కే రెండుసార్లు అతికిస్తుందని ఆయన ఊహ. అక్క ఆ మాటే చీటీ మీద రాసి సంతకం పెట్టమంది. పెట్టాడు.

అక్క గదికి వచ్చి కత్తెర తీసింది. అభ్యంతరమైనది తీసింది. దాని పక్కన ఉన్నది చూసింది, అదీ తీసింది. మధ్యాహ్నానికి మిగిలింది ఇరవై ఆరు సెకన్లు. మొదట్లో మిసిసిపీ మీద సూర్యోదయం, చివర్లో 'సమాప్తం' అనే అట్ట. ఆ సూర్యోదయాన్ని చాలాసేపు చూసింది. ఎర్రమట్టి నీళ్ల మీద పొగమంచు ఎలా కదులుతుందో అలాగే కదిలింది.

"ఈ నది గీసినవాడికి నది తెలుసురా," అంది. "ఒడ్డున ఉన్న మనుషులే తెలియదు."

మిగతా రెండు వందల ముప్పై ఆరు అడుగులు పాముచుట్టలా నేల మీద పడి ఉన్నాయి. ఆరున్నర నిమిషాలు. వేరే బొమ్మ వేయడానికి లేదు, ఖాళీ వదలడానికి లేదు. నది ముక్కనే పదిహేనుసార్లు అతికిద్దామన్నాను. సూర్యుడు ఒకే శనివారం పదిహేనుసార్లు ఉదయిస్తే ఫాదర్ లోకాంతమని గంట కొట్టిస్తాడు, నోరు మూసుకో అంది.

నోరు మూసుకున్నాను. అక్క కింది అర వైపు చూస్తోంది. బెట్సీ నీళ్లు ఆ అరదాకా వచ్చాయి. అక్కడి రీళ్లు మూడు రోజులు నానాయి. తీసి చూస్తే బొమ్మలన్నీ పాల మీది మీగడలా జారిపోయి, అద్దంలాంటి పట్టీ మిగిలింది. ఊళ్లో ఏది పోయినా బెట్సీనే తిట్టేవాళ్లం. బెట్సీ దగ్గర పాఠం నేర్చుకున్నది మా అక్క ఒక్కతే.

బుధవారం పొద్దున అక్క మా అమ్మను గంబో కుండ అడిగింది. అది ఇనప కుండ, మా అమ్మమ్మది, పెళ్లిళ్లకు దింపేది. ఎందుకే అంటే, ఉతకడానికి పిన్నీ అంది. ఆ కుండలో ఉతుకుతావా అని అమ్మ కేకలు వేస్తుంటే అక్క సంగతంతా చెప్పింది. అమ్మ బాల్కనీ మెట్లు ఎక్కినదే. లోపలికి వెళ్లి, చాకిరేవు సోడా డబ్బా తెచ్చి, దోసిలితో రెండుసార్లు వేసింది. తర్వాత ఇంకొంచెం.

"ఇది దేనికి?"

"కొసరు," అంది అమ్మ.

మా ఊళ్లో కొసరు లేకుండా ఏదీ పూర్తి కాదు. డజను రొట్టెలంటే పదమూడు. గజం గుడ్డంటే గజం మీద జానెడు. కొసరు వేయనివాడు పిసినారి, వద్దన్నవాడు పొగరుబోతు. ఈ సంగతి గుర్తుంచుకోండి. కథ దీనికే తట్టుకుని పడబోతుంది.

పెరట్లో నేను తెడ్డుతో కలిపాను. మొదట పుచ్చకాయల ఎరుపు వదిలింది, తర్వాత నలుపు. ఆ నలుపు నీళ్ల మీద తేలి, అక్కడక్కడా ఒక పెదవి, ఒక పుంజు తోక ఆకారం కట్టి కరిగిపోయింది. వంటమనిషి తలగుడ్డ కరిగేటప్పుడు నన్ను చూసి కన్నుకొట్టింది. సరే, ఆ పొగలో నాకలా అనిపించింది. పట్టీలు కడిగి బట్టలారేసే తీగ మీద పెరడు చుట్టూ మూడు చుట్లు ఆరవేశాం. ఎండలో పెరడంతా గాజులా మెరిసింది. గోడ మీదుగా మిసెస్ పోర్షే చూసి, మార్డీ గ్రా పండగ అయిపోయి నెలైంది, మీ ఇంట్లో ఇంకా తోరణాలేమిటంది. ఈస్టరుకి ముందుగానే కడుతున్నామన్నాను. అది స్వల్ప పాపం. శుక్రవారం పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అక్క పట్టీల చుట్ట తీసుకుని సిస్టర్ యూఫ్రేసీ దగ్గరకు వెళ్లింది. నేను మోతగాడిని. అక్క ఆలోచన ఏమిటంటే, ఖాళీ పట్టీల మీద పిల్లలే బొమ్మలు గీయాలి. సిస్టర్ అంతా విని, కళ్లజోడు తుడుచుకుంది.

"మేనేజరు మాట తప్పుతున్నావా, ఒడీల్?"

"లేదు సిస్టర్. అక్షరం తప్పడం లేదు. ఇదిగో చీటీ."

"అయితే నాకేమీ వినబడలేదు. పెన్నులు ఎన్ని కావాలి?"

పిల్లకు తొమ్మిది అడుగుల పది అంగుళాలు రావాలని అక్క లెక్క చెప్పింది. చివర్లు అతకడానికని ఉత్త ఖాళీ ఫిల్ము చుట్ట ఒకటి అదనంగా వదిలింది. సిస్టరు మఠకన్య కాకముందు గుడ్డల కొట్టువాళ్ల అమ్మాయి. బల్ల అంచుకు కొట్టిన ఇత్తడి మేకులతో చకచకా కొలిచేసింది.

గురువారం, శుక్రవారం మూడో తరగతిలో ఎక్కాలు లేవు. బెట్సీ నీళ్లకు ఉబ్బిన బల్లల మీద పట్టీలు పరిచి ఇరవై నాలుగు తలలు వంగాయి. ఒక్కో గడి చిటికెన వేలి గోరంత. ఒక గడికీ తర్వాతి గడికీ వెంట్రుకవాసి తేడా ఉంటే బొమ్మ కదులుతుందని అక్క చూపించింది. ఒకడు రొయ్య గీశాడు, ఒకామె వాన. ఒకడు గడులతో పని లేకుండా ఒకటే గీత తొమ్మిది అడుగులు లాగి, ఇది మా నాన్న ట్రాము అన్నాడు.

"ఇందులో ఇంతకుముందు ఏముండేది, నానాన్?" అని సిల్వనీ అడిగింది. మా పిల్లలు జ్ఞానస్నానపు తల్లిని అలాగే పిలుస్తారు.

"మురికి, బంగారం. కడిగేశాం."

తను ఏం గీస్తోందో ఆ పిల్ల ఎవరికీ చూపించలేదు. మోచేయి అడ్డం పెట్టుకుంది.

శనివారం పది గంటలకు పిల్లలు బస్సు దిగారు. తెల్ల మేజోళ్లు, గంజి పెట్టిన గౌన్లు, నూనె రాసిన తలలు. సిస్టర్ తన నల్లసంచీలోంచి ఇరవై నాలుగు పట్టీల చుట్టలు తీసి అక్కకిచ్చింది. గంట సమయముంది, ఇరవై ఐదు అతుకులున్నాయి. అక్క చేతులు కుట్టుమిషనులా నడిచాయి. ముందు సూర్యోదయం, చివర సమాప్తం, మధ్యలో పిల్లలు. పొడవు మళ్లీ కొలవలేదు. తొమ్మిది అడుగుల పది అంగుళాలని సిస్టరుకు చెప్పాక, ఆవిడ కొలిచి ఇచ్చాక, ఇంకా కొలిస్తే సిస్టరును అనుమానించినట్టు కాదూ? ఏడో వార్డులో అంత ధైర్యం పోపుగారికి కూడా లేదు.

అక్కకు స్టూడియోలోకి రావడానికి లేదు. తన గదిలో చిన్న టీవీ ముందు కూర్చుంది. నేను బెంచీలు సర్దే నెపంతో స్టూడియోలోనే గోడకు అంటుకున్నాను. ఫెర్రీ మామ గంట మోగించి, ఇక 'పుచ్చకాయ పెళ్లి' అన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు.

సూర్యుడు ఉదయించాడు. పొగమంచు కదిలింది. తర్వాత ఒక రొయ్య వచ్చింది.

రొయ్య వణుకుతూ తెరంతా తిరిగింది. వాన కురిసింది. నీలం గీత ట్రాములా పరుగెత్తింది. ఫిల్ము అంచున ఉండే శబ్దపు గీత కూడా కుండలో కరిగిపోయింది కదా, నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాం. పిల్లల పెన్నులు ఆ అంచు మీదికీ పోయాయి. యంత్రం ఆ సిరానే శబ్దంగా చదివింది. రొయ్య టుర్రుమంది. వాన టకటకలాడింది. ట్రాము గురక పెట్టింది. అలాంటి సంగీతం నేను ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. బెంచీ మీంచి ఒకడు మెల్లగా, ఆ రొయ్య నాది, అన్నాడు. ఫెర్రీ మామ మీసం సగం ఊడింది. కెమెరా పట్టుకున్నవాడు ఎవరూ చెప్పకుండానే పిల్లల వైపు తిప్పాడు.

చివరి పట్టీ సిల్వనీది. ఒక ముసలామె, తలకు గుడ్డ, వెనక ముడి. కళ్లజోడు కూడా ఉంది. మా పెద్దమ్మే, ఆ పిల్లను పెంచిన మనిషి. ముడి విప్పుతుంది. గుడ్డ పెద్దదవుతుంది, ఇంకా పెద్దదవుతుంది, తెరచాపవుతుంది. ముసలామె దాని కింద కూర్చుని నది మీద వెళ్లిపోతుంది. బాల్కనీ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నేను ప్రమాణం చేస్తాను. కావాలంటే నిజంగానే చేస్తాను.

నేను కారిడార్‌లో పరుగెత్తి అక్క గదికి వెళ్లాను. ఆవిడ తెల్ల తొడుగుల చేతులు రెండూ నోటి మీద పెట్టుకుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. భుజాలు కదిలేలా, కళ్లు తుడుచుకుంటూ, ఆగలేక నవ్వుతోంది.

ఆ నవ్వు గడియారం చూశాక ఆగింది. పదకొండున్నరకు బొమ్మ అయిపోవాలి. అయిపోలేదు. ముసలామె ఇంకా పడవలోనే ఉంది. ఆ సమయానికి ఫెర్రీ మామ కాఫీ కప్పు ఎత్తి, ఈ కార్యక్రమం మీకు అందిస్తున్నవారు అని కాఫీ కంపెనీ పేరు చెప్పాలి. ఆ కప్పు గాలిలోనే ఉండిపోయింది. ముప్పై సెకన్లు. అక్క మొహం సున్నం పూసినట్టయింది. కొలతంతా సరిపోయింది కదా, ఎక్కడ పెరిగింది?

నేను వెళ్లి సిస్టరును అడిగాను.

"ఎంత కొలిచారు సిస్టర్?"

"తొమ్మిది అడుగుల పది అంగుళాలు."

"అంతేనా?"

"మీద జానెడు," అంది సిస్టర్, నన్ను ఎగాదిగా చూస్తూ. "పిల్లలకు కొసరు వేయకుండా కొలవమంటావా?"

ఇరవై నాలుగు జానలు, పద్దెనిమిది అడుగులు, ముప్పై సెకన్లు. బొమ్మలు మారిన సంగతి ఎవరూ అడగకపోయేవారేమో. కాఫీవాళ్ల ముప్పై సెకన్లు మాత్రం ఊరంతా గమనించింది. ఆ ఆదివారం అక్క పూజలో మోకాళ్ల మీద నుంచి లేవలేదు. అంత పని నేర్చిన మనిషి మళ్లీ చీపురు పట్టాలి, అదీ వేరే చోట. సిల్వనీ మాత్రం గుడి మెట్ల మీద అందరికీ తన తెరచాప చూపిస్తోంది, చేతులు చాచి.

సోమవారం మేనేజరు పిలిచాడు. నేను మా అమ్మ పంపిన చిక్కుడు గింజల కుండతో అప్పుడే వచ్చాను. ఆ కుండే. అక్క నన్ను వెంట రమ్మంది, కుండతో సహా. సాక్షికి ఏదైనా చేతిలో ఉండటం మంచిదట.

మిస్టర్ ఓటార్ బల్ల మీద అంతకుముందు రోజుల టెలిఫోను చీటీలు గుట్టగా ఉన్నాయి. కొన్నిటిలో మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. చాలావాటిలో మాత్రం ఒకటే ప్రశ్న: ఆ రొయ్య మళ్లీ ఎప్పుడొస్తుంది?

"ఒడీల్, నేను ఆడించమన్న సినిమా ఇదేనా?"

"అదే ఫిల్మండీ. అవే అడుగులు."

"బొమ్మలేవీ?"

"అభ్యంతరమైన ముక్కలు తీసేయమన్నారు. తీసేశాను."

"అన్నీనా?"

"సూర్యోదయం ఉంచానండీ."

ఆయన చీటీ తిరగేశాడు, మరగేశాడు. కింద తన సంతకమే ఉంది. చివరికి అసలు సంగతికి వచ్చాడు. మరి ఆ ముప్పై సెకన్లు ఏమిటి, కాఫీవాళ్లకు ఏం చెప్పను అన్నాడు.

అక్క తల దించలేదు. "అది కొసరండీ," అంది.

మిస్టర్ ఓటార్ ఈ ఊళ్లో పుట్టినవాడు. వాళ్లమ్మ నది అవతలి ఒడ్డున పచారీ కొట్టు నడిపింది. సరుకు కొన్న ప్రతి పిల్ల చేతిలో ఒక అల్లం బిస్కట్టు పెట్టేదని మా అమ్మ చెప్పేది. మా వాళ్లు పెరటి గుమ్మం దగ్గర నిలబడి కొనాల్సిందే. బిస్కట్టు మాత్రం అక్కడికీ వచ్చేది. కిటికీ మూసి ఉంది, గదినిండా చిక్కుడు గింజల వాసన.

"నిన్ను పనిలోంచి తీసేయాలి," అన్నాడు.

"తీసేయండి. ముందు తినండి, చల్లారిపోతుంది."

రెండు గిన్నెలు తిన్నాడు. మూడోది అడిగి పెట్టించుకున్నాడు. చూశారా, అది మొదట్లోనే నిజం చెప్పాను. తిన్నాక ఇంకో చీటీ రాశాడు. ఇకమీదట పిల్లల బొమ్మ ఏదైనా సరే, ఒడీల్ చూసి డబ్బా మీద గుర్తు పెడితేనే తెర మీదికి పోవాలి. కాఫీవాళ్లకు ఫోను చేసి, ఇరవై నాలుగు ఇళ్లలో తల్లులు ఆ ముప్పై సెకన్లూ టీవీ ముందు నుంచి కదల్లేదని చెప్పాడట. అది నేను వినలేదు, ఊహించాను.

అక్క గుర్తు ఇంగ్లీషులో ఆవిడ పేరులోని మొదటి అక్షరం ఓ, నీలం పెన్సిల్‌తో చుట్టిన సున్నా. మా బడిలో సున్నా వస్తే తప్పినట్టు. అక్కడ సున్నా వస్తేనే పాసు. పదకొండేళ్లు ఆ సున్నాలు చుట్టింది. సున్నా పడని డబ్బాలు పంతొమ్మిది. మా వాళ్ల బొమ్మలే కాదు, ఈకల టోపీల ఆదివాసుల బొమ్మలు, పసుపు మొహాల చైనావాళ్ల బొమ్మలు కూడా. వాటిని ఉడకబెట్టలేదు. నేను సోడా తీసుకుని వెళితే వెనక్కి పంపింది. ఒకసారి చేస్తే కోపం, రెండోసారి చేస్తే వంట అంది. పై అరలో పెట్టి తాళం వేసింది. ఎలుకల మందును పారేస్తామా, పేరు రాసి పిల్లలకు అందకుండా పెడతాం, ఎవరు దేనితో చచ్చారో రేపు అడిగేవాళ్లకు చూపించాలి కదా అంది. కొన్నేళ్లకు పెద్ద పెద్ద కంపెనీలే అలాంటి బొమ్మల్ని అటకెక్కించి తాళాలు వేసుకున్నాయి. అందులో మా అక్క ప్రమేయం ఉందని నేను బార్బర్ షాపులో చెబుతుంటాను. ఇక్కడ చెప్పను.

ఆ తర్వాత నెలకో బడి ఆ బెంచీల మీదికి వచ్చింది. తెల్లపిల్లలు, మా పిల్లలు, ఒకసారి అందరూ కలిసి. వచ్చిన ప్రతి బడీ ఒక పట్టీ గీసి తెచ్చేది. కార్యక్రమం చివర ముప్పై సెకన్లు దానికే వదిలేవారు. పత్రికలో వేసే కార్యక్రమాల పట్టికలో కూడా దాని పేరు 'కొసరు' అనే పడేది.

ఒడీలక్కకు ఇప్పుడు ఎనభై తొమ్మిది. వంటింటి కిటికీకి అడ్డంగా ఒక సన్నని పట్టీ వేలాడుతుంటుంది. పొద్దున ఎండ దానిలోంచి పడితే గోడ మీద గోరంత తెరచాపలు వరసగా నిలబడతాయి. పోయిన సోమవారం గింజలు ఉడుకుతుండగా ఇదంతా ఆవిడకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నది. నిద్రపోయిందనుకున్నాను.

"ఒక్క ముక్క నిజం లేదు," అంది. "ఆ ఫిల్ము బెట్సీ నీళ్లలో పోయింది."

బెట్సీ వచ్చింది సెప్టెంబరులో, ఆ ఫిల్ము వచ్చింది మార్చిలో అన్నాను.

"అయితే ఆలస్యంగా పోయింది."

మరి కిటికీకి వేలాడేది ఏమిటన్నాను.

"ఈగలు రాకుండా కట్టాను. నువ్వు రాకుండా ఏం కట్టాలో తెలియడం లేదు. మేనేజరుకు నేనెప్పుడూ వడ్డించలేదు. మీ అమ్మ ఆ కుండను ఎవరికీ ఇచ్చే మనిషి కాదు. నేనసలు ఏ టీవీ స్టేషనులోనూ పనిచేయలేదు, అది కూడా రాసుకో."